కాన్సర్టోకు ఆరుగురు చాలు: ఓరుగల్లు వేదికల నిర్వాహకులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోనూ, అటు కరీంనగర్, నిజామాబాద్, మంచిర్యాలల్లోనూ కళావేదికలు నడిపే పెద్దలకు, కాలేజీల సాంస్కృతిక కమిటీలకు, పిల్లలకు సంగీత పోటీలు పెట్టే సంస్థలకు నమస్కారం.

నేను కాజీపేటలో పియానో నేర్పే టీచర్ని. నా దగ్గర నేర్చుకునే ఇంటర్ అమ్మాయి ఒకతె పందొమ్మిదో శతాబ్దపు పోలండ్ సంగీతకారుడు షోపాన్ ఎఫ్ మైనర్ శ్రుతిలో రాసిన పియానో కాన్సర్టో మూడు భాగాలూ సాధన చేసి పూర్తి చేసింది. ఇద్దరు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, ఒక డబుల్ బాస్ (ఈ మూడూ వయొలిన్ కంటే పెద్దవైన అదే జాతి వాద్యాలు), మొత్తం ఐదుగురు ఆమెతో వాయించడానికి ఒప్పుకున్నారు. నలుగురు హైదరాబాద్ వాళ్లు, ఒకతను మన ఊరి అబ్బాయే. ఒక సాయంత్రం హాలు ఇప్పించమని మన దగ్గరి వేదిక ఒకదానికి దరఖాస్తు పెట్టుకున్నాం. వచ్చిన జవాబు ఇది: "ఆరుగురితోని కాన్సర్టో ఏంది మేడం? పూర్తి ఆర్కెస్ట్రా ఉంటె చెప్పండి, చూద్దాం. లేకుంటె ట్రాక్ పెట్టుకోండి, అది నిండుగ వినిపిస్తది."

ఆ వేదిక పేరు రాయను. అక్కడి వాళ్ల మీద నాకు కోపం లేదు. ఇదే మాట కాస్త అటూ ఇటూగా పోటీల నిర్వాహకుల దగ్గర, కాలేజీ కమిటీల దగ్గర కూడా విన్నాను. అందుకే ఒక్కరికి కాకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను. మీరు అడుగుతున్న రెండు దారుల్లో ఒకటి మన ఊళ్లో జరిగే పని కాదు, రెండోది సంగీతమే కాదు. మధ్యలో ఉన్న మూడో దారిని మీరు తక్కువరకం అనుకుంటున్నారు. అది షోపాన్ బతికున్న రోజుల్లో అందరూ నడిచిన దారి. మన హాళ్లకు, మన పిల్లలకు సరిగ్గా సరిపోయేది కూడా అదే.

కాన్సర్టో అంటే ఒక వాద్యం ముందుండి పాడుతుంటే వెనక ఒక బృందం దానికి తోడుగా, ఒక్కోసారి ఎదురుగా నిలబడే రచన. సాధారణంగా మూడు భాగాలుంటాయి. షోపాన్ ఎఫ్ మైనర్ కాన్సర్టోలో ఊది వాయించే ఫ్లూట్లు, ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు, హార్న్‌లు, ట్రంపెట్లు రెండేసి, ఒక ట్రాంబోన్, టింపనీ అనే పెద్ద ఢంకాలు వాయించే మనిషి ఒకరు ఉండాలి. అంటే వయొలిన్ల లెక్క మొదలుపెట్టకముందే 14 మంది. ఆ పైన వయొలిన్ల నుంచి డబుల్ బాస్‌ల దాకా విల్లు పట్టేవాళ్లు కనీసం 20 మంది, వాళ్లందరినీ నడిపే కండక్టర్. రెండు రోజులైనా కలిసి రిహార్సల్ చేయాలి కాబట్టి బస, భోజనాలు, బస్సులు. ఇంత ఖర్చు పెట్టగల స్పాన్సర్ దొరికితే సంతోషమే, అందరికంటే ముందు నేనే వచ్చి కూర్చుంటాను. కానీ అదొచ్చేదాకా వరంగల్‌లో ఎవరూ కాన్సర్టో వాయించకూడదంటే, ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలు తమ పాఠం అసలెలా ఉంటుందో వినకుండానే బీటెక్‌కు వెళ్లిపోతారు.

ఇక ట్రాక్ సంగతి. పియానో వంతు తీసేసి మిగతా ఆర్కెస్ట్రాను రికార్డు చేసిన ఆడియోను స్పీకర్లలో వేసి, దాని మీద పిల్లలు వాయిస్తారు. ఇంట్లో సాధనకు అది పనికొస్తుంది, కాదనను. స్టేజీ మీద మాత్రం పిల్లలకు హాని చేస్తుంది. షోపాన్ సంగీతానికి ప్రాణం లయను కొంచెం సాగదీసి మళ్లీ చేరుకోవడంలో ఉంది. కుడిచేయి స్వేచ్ఛగా పాడుతూ ఉండాలి, ఎడమచేయి కండక్టర్‌లా లయ తప్పకుండా పట్టి ఉంచాలి అని ఆయన చెప్పేవారని శిష్యులు రాసి పెట్టారు. ట్రాక్ దేన్నీ పట్టి ఉంచదు, దాని దారిన అది పోతుంది. అమ్మాయి ఒక స్వరం దగ్గర అర సెకను ఆగాలనుకుంటే ఆగలేదు, ఆగితే వెనకబడిపోతుంది. మా అమ్మాయి ఒక పోటీలో అలా ట్రాక్ మీద రెండో భాగం వాయిస్తుంటే చూశాను. చేతులు కీల మీదే ఉన్నాయి కానీ చెవి మొత్తం స్పీకర్ వైపే. ఎక్కడ తప్పిపోతానో అన్న టెన్షన్ తప్ప ఆ పిల్ల ముఖంలో ఇంకేం లేదు. జడ్జీలు "టైమింగ్ పర్‌ఫెక్ట్" అని మెచ్చుకున్నారు. యంత్రంతో సమానంగా పరిగెత్తినందుకు వచ్చిన మెప్పు అది. ఆ పాట ఆమె ఇంట్లో ఒంటరిగా వాయించుకుంటే ఎలా ఉంటుందో తెలిసినదాన్ని కాబట్టి నాకు చాలా బాధేసింది.

ఆరుగురితో వాయించడం కొత్తగా కనిపెట్టిన సర్దుబాటు అనుకోకండి. 1783 జనవరిలో మొజార్ట్ వియన్నా పత్రికలో ఒక ప్రకటన ఇచ్చారు. తన మూడు కొత్త పియానో కాన్సర్టోలను పూర్తి ఆర్కెస్ట్రాతోనైనా వాయించుకోవచ్చు, రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో నలుగురితోనైనా వాయించుకోవచ్చు అని అందులో ఆయనే చెప్పారు. బీథోవెన్ నాలుగో కాన్సర్టోకు ఆయన కాలంలోనే పియానోతో ఐదు తంత్రీవాద్యాల రూపం తయారైంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో విన్‌చెన్జ్ లాఖ్‌నర్ అనే జర్మన్ సంగీతకారుడు బీథోవెన్ కాన్సర్టోలను అదే పద్ధతిలో ఐదుగురికి కుదించి ప్రచురించారు. అప్పటికి రికార్డులు లేవు, రేడియో లేదు. చిన్న ఊళ్లలో ఉండేవాళ్లకు ఒక కొత్త కాన్సర్టో వినాలంటే ఎవరో ఒకరి ఇంటి హాల్లో ఐదారుగురు చేరి వాయించుకోవడమే మార్గం. ప్రచురణకర్తలు కూడా ఆ గిరాకీ తెలిసే ఆర్కెస్ట్రాతో కావాలంటే ఒక సెట్టు, తంత్రీవాద్యాలతో కావాలంటే ఒక సెట్టు, ఒక్క పియానోకే కావాలంటే ఇంకో సెట్టు అమ్మేవారు.

షోపాన్ రెండు కాన్సర్టోలూ ఇరవై ఏళ్ల కుర్రాడిగా వార్సాలో రాశారు. ఎఫ్ మైనర్‌ను 1830 మార్చి 17న, ఈ మైనర్‌ను అదే ఏడాది అక్టోబర్ 11న ప్రజల ముందు వాయించారు. ఆ రెండింటినీ అంతకుముందే ఇంట్లో చిన్న బృందంతో వాయించి చూసుకున్నారు. అంటే ఈ సంగీతం మొదటిసారి మోగింది థియేటర్లో కాదు, ఇంటి నాలుగు గోడల మధ్య. మార్చి కచేరీ గురించి మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజు మొదటి భాగం అయ్యాక, మిగతా రెండు భాగాలకు ముందు, మధ్యలో వేరే ఆయన వచ్చి హార్న్ మీద తాను రాసిన రచన వాయించారు. అప్పటి వాళ్లకు అది మామూలే. "పూర్తిగా, రాసింది రాసినట్టు, పెద్ద ఆర్కెస్ట్రాతో అయితేనే కాన్సర్టో" అనే నియమం షోపాన్‌కే లేదు. తర్వాత ఎవరో పెట్టుకున్న నియమాన్ని మనం హనుమకొండలో ఎందుకు కాపలా కాయాలి?

పైగా షోపాన్ ఆర్కెస్ట్రా రాత బలహీనంగా ఉందని ఆ కాలంలోనే విమర్శ ఉంది. ఫ్రెంచ్ సంగీతకారుడు బెర్లియోజ్ లాంటివారు అది చల్లగా, పనికిరాని సహకారంలా ఉందన్నారు. తర్వాతి సంగీతకారులు కార్ల్ టౌసిగ్, బలాకిరెవ్ లాంటివారు ఆ ఆర్కెస్ట్రా వంతును తిరగరాసే ప్రయత్నం కూడా చేశారు. నా అభిప్రాయం అడిగితే, ఆ రాతలో లోపం లేదు. అది అసలు ఐదుగురు దగ్గరగా కూర్చుని వినిపించే రాత. పియానో మాట్లాడుతున్నంతసేపూ వెనక ఎక్కువగా ఉండేది తంత్రీవాద్యాలు పట్టుకున్న మెత్తని స్వరాలే. 40 మంది వాయిస్తే నేపథ్యంలో కలిసిపోయే ఆ స్వరాలు, ఐదుగురు వాయిస్తే ఒక్కొక్కటీ మనిషి గొంతులా వినబడతాయి.

ఎఫ్ మైనర్ రెండో భాగంలో ఒక చోటు ఉంది. మొదట్లో ఏ ఫ్లాట్ మేజర్‌లో నిదానంగా సాగిన పాట ఒక్కసారిగా చీకటి పడ్డట్టు మారుతుంది. తంత్రీవాద్యాలన్నీ విల్లును తీగ మీద వేగంగా వణికిస్తూ ఉంటాయి, డబుల్ బాస్ ఒక్కటి తీగను వేలితో మీటుతుంది. వాటి మీద పియానో రెండు చేతులూ స్థాయి తేడాతో ఒకే స్వరాలు పలుకుతూ, తాళం లేని పద్యంలా సాగిపోతాయి. రిహార్సల్లో మాకు అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది ఇక్కడే. అమ్మాయి పై స్వరం దాకా ఎక్కి అక్కడ నిలబడేది. ఆమె ఎప్పుడు దిగుతుందో బాస్ వాయించే ఆయనకు తెలియాలి, దిగిన క్షణానే ఆయన వేలు తీగను మీటాలి. మొదట్లో ఆయన ముందే మీటేసేవారు. ఆమె కంగారుపడి తొందరగా దిగేది, వణుకుతున్న విళ్లు నాలుగూ తడబడేవి. కాగితం చూసి లెక్కపెట్టడం మానేసి ఆమె మణికట్టు చూడమన్నాను. దిగబోయే ముందు ఆ పిల్ల మణికట్టు కొంచెం పైకి లేస్తుంది, అది ఆమెకే తెలియని అలవాటు. అది కనిపెట్టాక ఆయన వేలు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తర్వాత అమ్మాయి రోజుకో రకంగా వాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు పైన ఎక్కువసేపు ఆగేది, ఒకరోజు ఆగకుండా జారిపోయేది. ఎలా వాయించినా ఐదుగురూ కింద పట్టుకునేవారు. అప్పుడు ఆ పిల్ల ముఖం చూసినవాళ్లెవరూ మళ్లీ ట్రాక్ పెట్టుకోమనరు.

మీరు కర్ణాటక సంగీత సభలు పెట్టిన అనుభవం ఉన్నవాళ్లు, కాబట్టి ఈ మాట మీకు వివరించాల్సిన పని లేదు. గాయకుడు రాగం ఆలపిస్తుంటే వయొలిన్ ఆయన్ని విడవకుండా వెంబడించడం మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. అక్కడ తాళం లేదు, రాసిన కాగితం లేదు. గాయకుడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో వినడమే పని. ఒక గొంతు, వయొలిన్, మృదంగం ఉంటే దాన్ని మనం పూర్తి కచేరీ అంటాం. వెనక 40 మంది లేరని ఎవరూ టికెట్ డబ్బులు వెనక్కి అడగలేదు. నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన ఊరు మనది. ఒక్క గొంతులో ఎన్నో గొంతులు పలికించిన మనిషిని నెత్తిన పెట్టుకున్న ఊళ్లో, స్టేజీ మీద తలలు లెక్కపెట్టి సంగీతానికి విలువ కట్టడం మనకు తగదు.

మా రెండో వయొలిన్ అబ్బాయి వరంగల్‌లోనే కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నాడు. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కాలి చీలమండ మీద ఆనించి, స-ప-స-ప శ్రుతిలో వాయించడం అతని అలవాటు. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు తీగలూ వరుసగా పంచమం తేడాతో ఉంటాయి, కుర్చీలో కూర్చుని వాద్యాన్ని గడ్డం కింద పట్టుకోవాలి, ఐదు గీతల నొటేషన్ చూసి చదవాలి. ఇవన్నీ నేర్చుకోవడానికి అతను చాలా కష్టపడ్డాడు. తీగల శ్రుతి మారితే వేళ్ల లెక్క మొత్తం మారిపోతుంది. కొత్త స్వరస్థానాల్లో అతని చెయ్యి మొదట్లో ఎన్నిసార్లు పొరపడిందో నేను చూశాను. కానీ పైన చెప్పిన ఆ తాళం లేని చోట, హైదరాబాద్ వాళ్లకంటే ముందుగా అమ్మాయి మనసు పట్టుకున్నది అతనే. గాయకుల వెనక కూర్చున్న చెవి అది. మన విద్యారణ్య సంగీత నృత్య కళాశాలలో, ఇళ్లలో పాఠాలు చెప్పే గురువుల దగ్గర వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లల్లో ఇలాంటి చెవి ఉన్నవాళ్లు ఇంకా ఎందరో ఉంటారు. మొదట్లో నలుగురిని హైదరాబాద్ నుంచి పిలిపించినా, పోను పోను ఆ కుర్చీల్లో మన పిల్లలే కూర్చుంటారని నేను గట్టిగా నమ్ముతున్నాను. వయోలా, చెల్లో నేర్పేవాళ్లు మన దగ్గర దొరకడం కష్టం, అది ఒప్పుకోవాల్సిందే. అవి అవసరమయ్యే కచేరీలు జరిగితేనే కదా నేర్చుకుందామని ఎవరికైనా అనిపించేది.

కుదించినప్పుడు పోయేవి కూడా ఉన్నాయి, అవి దాచి మిమ్మల్ని ఒప్పించాలని లేదు. అదే రెండో భాగం చివర్లో బసూన్ పియానోతో జతగా పాడుతుంది. మా పార్టుల్లో దాన్ని చెల్లోకు ఇచ్చాను. స్వరాలు అవే, కానీ గాలి వాద్యానికి ఉండే ఆ ముక్కుగొంతు తీపి రాదు. మూడో భాగంలో హార్న్ ఒక పిలుపు పిలుస్తుంది, అక్కడి నుంచి సంగీతం ఎఫ్ మేజర్‌లోకి వెలుగులా తెరుచుకుంటుంది. ఆ పిలుపు వయోలా మీద వినిపిస్తే అందంగానే ఉంది కానీ దూరం నుంచి వచ్చినట్టు ఉండదు. మొదటి భాగం ఆరంభంలో పియానో రాకముందు ఆర్కెస్ట్రా ఒక్కటే చాలాసేపు వాయించే చోట, బిగ్గరగా రావాల్సినప్పుడు ఐదుగురి బలం చాలదు. అక్కడక్కడ పియానోను కూడా వాళ్లతో కలిపాం. ఆ ఆరంభాన్ని కత్తిరించి నేరుగా పియానో దగ్గరికి వెళ్లిపోదామని కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అంతసేపు ఎదురుచూసి విన్నాక పియానో దిగితేనే ఆ దిగడానికి అర్థం. మరోవైపు, కుదించడంలో దొరికేవీ ఉన్నాయి. మూడో భాగంలో తంత్రీవాద్యకారులు విల్లు తిప్పి కర్రతో తీగలను కొడతారు, పోలండ్ పల్లె నాట్యపు అడుగుల్లాంటి లయ అది. పెద్ద హాల్లో అది ఎక్కడో గలగలలా ఉంటుంది. మా చిన్న గదిలో ఒక్కో దెబ్బ విడివిడిగా వినబడుతుంటే పక్కింటి పిల్లలు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

అన్ని కాన్సర్టోలకూ ఇది నప్పుతుందని కూడా అనను. చైకోవ్‌స్కీ మొదటి కాన్సర్టో హార్న్‌ల గర్జనతో మొదలవుతుంది, ఐదు తంత్రీవాద్యాలతో అది చిన్నబోతుంది. బ్రామ్స్ డి మైనర్‌ను ముట్టుకోవద్దనే చెబుతాను. గ్రీగ్ కాన్సర్టో మొదలయ్యేదే టింపనీ మోత మీద, దాన్ని చెల్లో మీద వణికిస్తే ఉసూరుమంటుంది. పిల్లలు ఎక్కువగా అడిగేది రఖ్మనినోవ్ రెండో కాన్సర్టో. మొదట్లో ఒంటరిగా గంటల్లా మోగే పియానో స్వరసమూహాలు సరే, వాటి తర్వాత వచ్చే పాటకు మాత్రం పెద్ద తంత్రీవాద్య సమూహపు బరువు కావాలి. అవన్నీ పూర్తి ఆర్కెస్ట్రా వచ్చిన రోజున విందాం. మనకు ముందు షోపాన్ రెండూ ఉన్నాయి. మొజార్ట్, బీథోవెన్ కాన్సర్టోలకు ఆ కాలపు కుదింపులే దొరుకుతాయి. రాబర్ట్ షూమన్ ఏ మైనర్ కాన్సర్టోలో మధ్యభాగం సగం చెల్లో సొత్తే, కాబట్టి అదీ ప్రయత్నించదగ్గదే.

ఆరుగురు కూడా కుదరని చోట ఆ షూమన్ భార్య క్లారా షూమన్ ఉన్నారు. పెళ్లికి ముందు, పదమూడు పద్నాలుగేళ్ల వయసులోనే కాన్సర్టో రాయడం మొదలుపెట్టి, 1835 నవంబర్ 9న లైప్‌జిగ్‌లో మెండెల్‌సన్ కండక్టర్‌గా ఉండగా తానే పియానో మీద వాయించిన అమ్మాయి ఆమె. అప్పుడు ఆమెకు 16 ఏళ్లు. ఆ కాన్సర్టో రెండో భాగం రొమాంజాలో ఆర్కెస్ట్రా దాదాపు మొత్తం ఊరుకుంటుంది. పియానో, ఒక చెల్లో, ఇద్దరే మాట్లాడుకుంటారు. ఇక్కడ ఎవరూ దేన్నీ కుదించలేదు, రాసినావిడే అలా రాసింది. మన కాలేజీల ఆడపిల్లలకు ఈ సంగతి తెలియాలి. మీ వార్షికోత్సవంలో ఒక్క పది నిమిషాలు ఇస్తే, ఇద్దరు మనుషులతో ఈ భాగం వినిపించడానికి నేను సిద్ధం.

నోట్స్ కోసం అనుమతులు, రాయల్టీలు అంటూ భయపడేవాళ్లకు ఒక మాట. షోపాన్ 1849లో పోయారు, షూమన్ 1856లో, క్లారా 1896లో. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. వాళ్ల రచనలకు, పాత ప్రచురణలకు ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. ఈ మధ్య ఎవరైనా కొత్తగా కుదించి రాసిన పార్టులు వాడితే మాత్రం అవి కొనుక్కోవాలి, అది వాళ్ల కష్టం. మేం వాడుతున్నవి నేను రాసుకున్నవి. ఎవరికి కావాలన్నా ఉచితంగా ఇస్తాను.

హాళ్ల గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది మీ చేతిలో ఉన్న విషయం. కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద హాలు మనకు రావడం గర్వకారణం. పబ్లిక్ గార్డెన్‌లోని వేణుమాధవ్ కళాప్రాంగణం నాటకాలకు, పాటలకు ఎప్పటి నుంచో మన చోటు. కానీ ఈ ఆరుగురికి అవి చాలా పెద్దవి. మాకు వంద, నూటయాభై మంది కూర్చునే గది చాలు. రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం లాంటి చోట్ల సాహిత్య సభలకు వచ్చేంతమంది వస్తే మాకు పండగే. చర్చి హాళ్లు, కాలేజీ సెమినార్ హాళ్లు కూడా బాగుంటాయి. కింద కార్పెట్, చుట్టూ మందపాటి కర్టెన్లు లేకుండా ఉంటే ఇంకా మంచిది, అవి ధ్వనిని మింగేస్తాయి.

దయచేసి మైకులు పెట్టించకండి. సౌండ్ సిస్టమ్ వాళ్లు అలవాటు కొద్దీ ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు బిగిస్తారు. అప్పుడు చెల్లో ఎంత వినబడాలో చెల్లో వాయించే ఆమె చేతిలో ఉండదు, మిక్సర్ దగ్గర కూర్చున్న ఆయన చేతిలో ఉంటుంది. ఐదుగురూ ఒకరినొకరు విని తగ్గడం, పెరగడమే ఈ సంగీతం. వెనక వరుసకు వినబడదేమో అన్న అనుమానం మీకు వస్తుంది. 1830లో వార్సాలో షోపాన్‌కు కూడా అదే ఫిర్యాదు వచ్చింది, శబ్దం మరీ తక్కువగా వాయించాడని. రెండో కచేరీకి ఆయన గట్టిగా మోగే వేరే పియానో తెప్పించుకున్నారు. అది థియేటర్, పైగా అప్పటి పియానోలకు చెక్క చట్రం. ఇనుప చట్రమున్న ఇప్పటి పియానో చిన్న గదిలో ఎవరికీ వినబడకపోవడం ఉండదు. అసలు కష్టం దానికి ఎదురుది, తంత్రీవాద్యాలను పియానో ముంచేయకుండా చూసుకోవడం. ఆ బాధ్యత మాది. మీరు చేయాల్సిందల్లా ఆ గంటన్నర సీలింగ్ ఫ్యాన్లు ఆపించడం. అందుకే మే నెలలో కాకుండా డిసెంబర్, జనవరిల్లో అడుగుతున్నాం.

నేను అడిగిన వేదికల్లో హార్మోనియం ఉంది, తబలా ఉంది, ఒక్కచోటా పియానో లేదు. ఏడాదికి ఒక కొత్త సౌండ్ బాక్సుకు పెట్టే డబ్బుతో, ఇంకెవరైనా దాత తోడైతే, పాతదైనా మంచి స్థితిలో ఉన్న నిలువు పియానో ఒకటి కొనొచ్చు. గోడకు ఆనించి ఉంచితే చోటు కూడా ఎక్కువ పట్టదు. కొన్నాక దాన్ని పట్టించుకోవడమే ముఖ్యం. లోపల 200కు పైగా తీగలు టన్నుల బరువుతో లాగి ఉంటాయి. మన ఎండాకాలం ఎండకు, వానాకాలం తేమకు చెక్క ఉబ్బి, కుంచించి శ్రుతి జారిపోతుంది. ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టి, ఏడాదికి రెండుసార్లయినా ట్యూనర్‌ను పిలిపించాలి. హాలు మార్చినప్పుడు వెంటనే కాకుండా కొన్నాళ్లు ఆ గది గాలికి అలవాటు పడనిచ్చి శ్రుతి చేయించాలి. అదంతా ఇప్పుడే కుదరదంటే, కీలు బరువుగా ఉండే డిజిటల్ పియానోతో మొదలుపెడదాం. నాకది రెండో ఎంపికే, కానీ దాని స్పీకర్‌ను హాలు మూలల్లో కాకుండా వాయించేవాళ్ల పక్కనే ఉంచితే ఐదుగురూ దాన్ని మనిషిలా వినగలుగుతారు.

పోటీలు పెట్టేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. నిబంధనల్లో "ట్రాక్‌తో లేదా ఆర్కెస్ట్రాతో" అని ఉన్నచోట "తోటి వాద్యకారులతో" అని కూడా చేర్చండి. పిల్ల ఒక్క వయొలిన్‌ను వెంటబెట్టుకొచ్చినా, టీచర్ రెండో కీబోర్డు మీద ఆర్కెస్ట్రా వంతు వాయించినా ఒప్పుకోండి. మార్కులు వేసేటప్పుడు టైమింగ్‌తో పాటు ఆ పిల్ల పక్కవాళ్లను విన్నదా లేదా చూడండి. కరీంనగర్, జగిత్యాల నుంచి బస్సెక్కి వచ్చి నేర్చుకునే పిల్లలున్నారు, వాళ్ల తల్లిదండ్రులు ఆటో ఖర్చులు కూడా లెక్క చూసుకునేవాళ్లు. వాళ్లు ఇన్నేళ్లు నేర్చుకున్నదానికి చివర్లో స్పీకర్ పక్కన కూర్చోవడం కాకుండా, సాటి మనుషుల మధ్య కూర్చుని వాయించే అవకాశం దక్కాలి.

కాలేజీ కమిటీలకు ఇంకొకటి. ఎన్‌ఐటీలో, మెడికల్ కాలేజీలో దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులున్నారు. వాళ్లలో చిన్నప్పుడు వయొలిన్, చెల్లో నేర్చుకుని హాస్టల్ మంచం కింద దాచిపెట్టినవాళ్లు తప్పకుండా ఉంటారు. నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టి చూడండి. వాళ్లు దొరికితే రిహార్సల్ నేను చేయిస్తాను, ఫీజు అక్కర్లేదు.

మా బృందం సిద్ధంగా ఉంది. ఎఫ్ మైనర్ కాన్సర్టో దాదాపు అరగంట, ముందు క్లారా షూమన్ రొమాంజా, వాటి గురించి తెలుగులో రెండు మాటలు. మొత్తం గంటన్నర లోపే. టికెట్ పెట్టినా పెట్టకపోయినా మాకు సమ్మతమే. డిసెంబర్, జనవరిల్లో మీ హాలు ఏ ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంటుందో చెప్పండి. కుర్చీలు వేసుకోవడం, పియానో తెచ్చుకోవడం, హైదరాబాద్ నుంచి కాజీపేటకు రైలు టికెట్లు, అన్నీ మేం చూసుకుంటాం. మీరు తాళం తీసిపెడితే చాలు.

ఇట్లు,
కాజీపేట నుంచి ఒక పియానో టీచర్